నా కవితలో ఏడ్చినావిడ

జూలై 13, ఆదివారం

బాబూరావు సార్ పొద్దున్నే స్కూటర్ మీద వచ్చి సంచీడు కవితలు మా వరండాలో దించిపోయాడు. రిటైరైన హెడ్మాస్టరు. నరసరావుపేటలో సాహిత్య సభ ఎక్కడ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు వలస మీద కవితా సంకలనం వేస్తున్నాడు. వచ్చినవాటిలో తాలు ఏరేసి గింజలు తనకివ్వడం నా పని. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతావు, పైగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసొచ్చిన తల్లి కూతురివి, నీకంటే తగినవాళ్ళెవరమ్మా అన్నాడు. పొగిడితే నేను ఏ పనైనా చేస్తానని ఆయనకు తెలుసు.

పుస్తకంలో మొదటి కవిత నాదే, 'ఎడారిలో అమ్మ'. పోయిన ఏడాది గుంటూరులో బహుమతి వచ్చింది దానికే. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు టౌన్‌హాల్లో ఆవిష్కరణ. నేను కవిత చదవాలి, అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పాలి. అదీ సార్ ప్లాను.

అమ్మకు చెప్పాను. శాలువా ఏ రంగని అడిగింది.

జూలై 15, మంగళవారం

సగం కట్ట చదివాను. అందరి కవితల్లోనూ ఒకే చంద్రుడు. దుబాయ్‌లోనైనా మస్కట్‌లోనైనా మనవాడు డాబా ఎక్కి అతన్ని చూసి ఏడవాల్సిందే. రొట్టె ఎప్పుడూ ఎండినదే. ఉత్తరం ఎప్పుడూ కన్నీళ్ళతో తడిసినదే. ఈ కాలంలో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారో నాకైతే తెలియదు. ముప్పాళ్ళ నుంచి ఒకాయన దుబాయ్ కూలీ గుండెకోత రాశాడు. ఒక అనుమానం తీర్చుకుందామని ఫోన్ చేస్తే, ఆయన హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదట. దూరపు కొండలు నునుపంటారు. మా కవులకు దూరపు ఇసకంతా ముళ్ళే.

ఒక్కటి మాత్రం తేడాగా ఉంది. బెల్లంకొండ నుంచి గోపిక అనే అమ్మాయి రాసింది. వాళ్ళ పొలానికి కర్నూలు వైపు నుంచి మిరపకోతకు వచ్చే కూలీల మీద. అందులో వాళ్ళు పరదా పట్టల కింద కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు, వంకాయ కూరకు వంకలు పెడతారు. దాని మీద సార్ ఎర్ర సిరాతో 'వేదన చాలదు' అని రాశాడు. నిజమే, చాలదు. తాలులో వేశాను.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్ళు అక్కడ ఎప్పుడూ నవ్వరా?

జూలై 20, ఆదివారం

నా కవితలో మూడో చరణం బలంగా లేదనిపిస్తోంది.

ఎండిన రొట్టెను కన్నీళ్ళలో నానబెట్టుకుని
ఒక దేశాన్ని ముక్కముక్కగా మింగింది మా అమ్మ

రెండో పంక్తి బాగుంది. మొదటిదే ఊహ. అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, అక్కడి రొట్టె ఎండిపోతే ఎలా ఉండేదని అడిగాను.

అమ్మ నవ్వింది. ఎండిపోయేదాకా ఎవరుంచుతారంది. కుబూస్ అంటారట ఆ రొట్టెను, బేకరీలోంచి పొగలు కక్కుతూ వచ్చేదట. గుడ్డలో చుట్టుకుని ఇంటికి వస్తూ దారిలోనే ఒకటి లాగించేసి, ఇవాళ చిన్న కట్టే ఇచ్చాడని మేడమ్‌కి చెప్పేదట. "మేడమ్‌కీ తెలుసులే. నా మూతికి నువ్వులు అంటుకునుండేయిగా" అంది.

ఇప్పుడు తినాలనిపిస్తోందని కూడా అంది. నరసరావుపేటలో ఎక్కడ తెచ్చేది.

ఆ చరణం అలాగే ఉంచుతున్నాను. కవితలో రొట్టె అంటే రొట్టె ఒక్కటే కాదు కదా.

జూలై 24, గురువారం

సార్ ఫోన్. కవితలో 'అమ్మ' అన్నచోటల్లా 'అమ్మీ' అని మార్చమంటాడు. 'అమ్మ' అంటే మీవాళ్ళని పాఠకుడికి ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు. మేం దూదేకులవాళ్ళం సార్, ముస్లిములమే అయినా మా ఇంట్లో తెలుగే, పుట్టినప్పటి నుంచి అమ్మనే పిలుస్తున్నానని చెప్పాను. తెలుసమ్మా, నాకు తెలుసు, కానీ అచ్చులో అందంగా ఉంటుంది అన్నాడు. రాసినామె పేరు షాహిస్తా, పిలుపు అమ్మ అంటే చదివేవాడికి ఎక్కడో తట్టుకుంటుందట.

నాకు ఒళ్ళు మండింది. మార్చి పంపించాను.

జూలై 27, ఆదివారం

ఇవాళ ఎడారి గురించి అడిగాను. నేనే అడిగాను, అమ్మ తనంతట తను ఏదీ చెప్పదు.

ఎడారి అనగానే అమ్మ మొహం మారిపోయింది. నేను పెన్ను తీశాను కూడా. తీరా చూస్తే అది ఏడుపు కాదు, సంబరం. చలికాలం రాగానే ఇంటిల్లిపాదీ ఎడారిలోకి పోయి గుడారాలు వేసుకుంటారట. అమ్మనూ తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ ఊడ్చేది లేదు, తుడిచేది లేదు. బొగ్గుల మీద టీ కాచి ఇస్తే చాలు. పెద్దావిడ కథలు చెప్పేదట, అమ్మ కూడా మన కోటప్పకొండ శివరాత్రి ప్రభల గురించి వాళ్ళ భాషలో చెబితే నోళ్ళు వెళ్ళబెట్టి వినేవాళ్ళట.

"ఇసక అంటే కాలిపోయిద్ది అనుకుంటారు మీరు. పొద్దుటిపూట చల్లగా, మెత్తగా ఉండిద్ది. చెప్పుల్లేకుండా నడిచేదాన్ని. ఏడాది పొడుగూతా ఆ నెల కోసం కాసుక్కూచునేదాన్ని" అంది.

నా కవిత పేరు ఇప్పుడు 'ఎడారిలో అమ్మీ'. అందులో ఎడారి మా అమ్మ నవ్వును పాతిపెట్టిన చోటు.

చలికి నూరా తన దుప్పట్లోకి దూరేదని కూడా చెప్పింది. నూరా ఆ ఇంటి పిల్ల. అమ్మ వెళ్ళిన మరుసటేడు పుట్టింది. నీళ్ళు పోసింది, నడక నేర్పింది, బడికి తయారుచేసింది అమ్మే. ఫోటోలు చూశాను. మంచి ఒత్తు జుట్టు. ఒక ఫోటోలో ఆ జుట్టు రెండు జడలు వేసి, మన పద్ధతిలో మడిచి రిబ్బన్లు కట్టి ఉంది.

నాకు అసూయ ఏమీ లేదు. ఉత్త కుతూహలమే.

ఆగస్టు 2, శనివారం

కాలేజీ నుంచి వచ్చేసరికి వరండాలో కానిస్టేబుల్. ఆయన తీరిగ్గా మంచినీళ్ళు తాగుతున్నాడు. పక్కింటి నాగేంద్రమ్మ పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ ఏదో కాగితం మీద సాక్షి సంతకం పెడుతోంది. షేక్ సాబిరా, అంటే అమ్మ, పాస్‌పోర్ట్ రెన్యూవల్, పోలీస్ వెరిఫికేషన్.

ఆయన వెళ్ళాడు. పెద్దమ్మ పొయ్యి మీద పాలు పెట్టొచ్చానంటూ జారుకుంది. అప్పుడు అమ్మ చెప్పింది. నూరాకు నవంబరులో పెళ్ళి. కొత్త కాపురంలో తనతోపాటు ఉండమని పిలుస్తోంది. వీసా వాళ్ళే చూసుకుంటారు. రెండేళ్ళు ముందు, ఆ తర్వాత సంగతి తర్వాత.

"నీకు చెబుదామనే ఉన్నా. సభ అయినాక చెబుదామనుకున్నా" అంది.

నీ ఇష్టం అన్నాను. లోపలికి వెళ్ళి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకున్నాను. నేను ఎవరికీ అడ్డుపడే మనిషిని కాదు. ఎప్పుడూ కాలేదు.

మూడేళ్ళ కిందట వచ్చేసిన మనిషి. అప్పటి సంపాదనతో ఇల్లు కట్టింది, నన్ను ఎమ్మే చదివించింది. ఇప్పుడు నా జీతం మా ఇద్దరికీ చాలు. కాబట్టి అవసరం కొద్దీ పోవడం లేదు. ఇష్టమై పోతోంది. ఆ మాట ఏ కవితలోనూ కనపడలేదు నాకు.

ఆగస్టు 3, ఆదివారం

ఇవాళ పొద్దుటి నుంచి అమ్మను ప్రశ్నలతో చంపుకుతిన్నాను. నూరా ఏం తింటుంది? ఏం చదివింది? కోపం వస్తే ఏం చేస్తుంది? అమ్మ విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది. కోపమొస్తే మంచం కింద దూరి పిలిచినా పలకదట. అమ్మ సెలవుకు ఇండియా వస్తుంటే సూట్‌కేసు మీద ఎక్కి కూర్చుని దిగనని మారాం చేసేదట. ఒకసారి అమ్మ చెప్పులు ఫ్రిజ్‌లో దాచిపెట్టిందట. అమ్మ చెప్పి చెప్పి నవ్వుతోంది.

నిద్రపుచ్చడానికి ఏం పాడేదానివని అడిగాను.

"ఏముంది, నీకు పాడిందే" అంది.

ఆ పాట నాకు గుర్తు లేదు. నూరాకు గుర్తుందట, మొత్తం వచ్చట, తెలుగులో.

ఆగస్టు 4, సోమవారం

ఉత్త కుతూహలమే.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మ వీసాకి ఫోటోలు దిగడానికి స్టూడియోకి వెళ్ళింది. నేను నాగేంద్రమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మంటే చుట్టరికం కాదు, అయినా అమ్మమ్మ తర్వాత నన్ను పెంచింది ఆవిడే. నా కవిత మొదలయ్యేదే గడప దాటుతూ అమ్మ ఏడవడంతో. ఆ రోజు నేనక్కడ లేను, ఏడేళ్ళ దాన్ని, నన్ను సినిమాకి పంపారు. మరి నేను చూడనిది రాశాను కదా, అది నిజమా కాదా అని తేల్చుకోవాలనిపించింది.

పెద్దమ్మ పచ్చడికి మామిడల్లం గీకుతూ అంతా చెప్పింది. ఊరెళ్ళే మనిషి ఏడవకూడదు, పోయిన పని చెడుతుంది. నన్ను చూస్తే ఏడుపు ఆగదని అమ్మే పెద్దమ్మకు డబ్బులిచ్చి, పిల్లను బాల్కనీలో కూర్చోబెట్టి సినిమా చూపించి తీసుకురమ్మందట. ఏడ్చిందా లేదా అంటే, మీ అమ్మమ్మ చెప్పిందైతే ఏడవలేదంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని నవ్విందట కూడా.

"తప్పు పట్టబాకే. మీ నాన్న పోయినాక రెండేళ్ళు ఆ మూలగదిలోనే ఉంది సాబిరా. పేరంటానికి పిలిచినోళ్ళు లేరు, పనికి పిలిచినోళ్ళు లేరు. ముప్పై నిండని మనిషి. ఆ గది దాటి ఏడకన్నా పోతే చాలనుకుంది" అంది పెద్దమ్మ.

నేను తప్పు పట్టడం లేదు. నా కవిత మొదటి పంక్తి పోయిందని మాత్రం అనుకున్నాను.

మరి నేనేం చేశానని అడిగాను. సినిమా నుంచి వచ్చి ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, అన్నం పెట్టమన్నానట. ఒక్క చుక్క కార్చలేదట. గట్టిపిల్లవే అని అందరం మెచ్చుకున్నామంది పెద్దమ్మ. అమ్మ అక్కడి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నా, బాగా చదువుతున్నా, అంతే. రెండు ముక్కలు మాట్లాడి అమ్మమ్మకు ఇచ్చేసేదాన్నట.

అవును, నేను గట్టిదాన్నే.

ఆగస్టు 17, ఆదివారం

కవిత తిరగరాద్దామని కూర్చున్నాను. గడప దగ్గర ఏడుపు కొట్టేశాను. ఎండిన రొట్టె కొట్టేశాను. ఎడారి కొట్టేశాను. ఆఖరికి కాగితం మీద 'అమ్మీ' ఒక్కటే మిగిలింది, అదీ నాది కాదు.

ఇంత తంటా ఎందుకో నాకు అర్థం కావడం లేదు. అమ్మ అక్కడ సుఖంగా ఉందంటే సంతోషించాలి కదా. ఎవరైనా సంతోషిస్తారు. నాకేమో నన్ను ఎవరో మోసం చేసినట్టుంది. అమ్మ అక్కడ ఏడుస్తుంటే నేను ఇక్కడ గట్టిగా ఉండడానికి ఒక అర్థముంది. అమ్మ అక్కడ చల్లటి ఇసకలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే, మరి నేను ఎందుకు అలా ఉన్నట్టు?

సార్‌కి ఫోన్ చేసి కవిత వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. పుస్తకం బైండింగ్‌లో ఉందమ్మా అన్నాడు. వాస్తవం వేరు, కవితాసత్యం వేరు అని కూడా అన్నాడు. అయితే తాలులోంచి ఒక కవిత తీసి లోపల పెట్టండి, గోపిక అనే అమ్మాయిది, అన్నాను. దానికీ ఆలస్యమైపోయింది.

ఆగస్టు 25, సోమవారం

పాస్‌పోర్ట్ వచ్చింది. అమ్మ రెండు చేతులా అందుకుంది.

ఆగస్టు 29, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. ముందు వరసలో అమ్మ, పక్కన పెద్దమ్మ. శాలువా ఆకుపచ్చ రంగుది, అమ్మకు నచ్చింది, కప్పగానే అంచు తిప్పి చూసుకుంది. సార్ అమ్మను ఎడారి తల్లి అన్నాడు. అమ్మ దణ్ణం పెట్టింది.

నేను చదివాను. ఒక్క పంక్తి మార్చకుండా ఉన్నదున్నట్టు చదివాను. మూడో చరణం దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అమ్మ కూడా కొంగుతో తుడుచుకుంది. ఎందుకో అది చూసి పంక్తి మధ్యలో ఆగిపోయాను. అందరూ అది కవిత బలమనుకున్నారు. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

పెద్దమ్మ తన చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేనూ అమ్మా ఆటో ఎక్కాం. ఓవర్‌బ్రిడ్జి దాటాక అమ్మ అంది:

"బాగా రాశావే. పాపం ఆ అమ్మీ ఎవరోగానీ చానా ఏడ్చింది."

ఎవరో ఏంటి, నువ్వే అన్నాను.

"నేను కాదులే. నా సంగతి నాకు తెలవదా?" అంది. "మరి ఆ పిల్ల ఏమైందే?"

"ఏ పిల్ల?"

"ఆమె ఇంటికాడ ఒక పిల్లని వదిలేసి పోయిందిగా. ఆ పిల్ల తిన్నదా, పడుకుందా, ఏడ్చిందా? నేను అదొచ్చిద్దేమోనని కడదాకా చూశా. నీ కవితలో ఆ పిల్లే లేదు."

అమ్మ నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"నువ్వు రాసినయ్యన్నీ చదివా. ఒకటి కూడా వదల్లా. అన్నిట్లో ఏడ్చేది నేనే. నువ్వు ఒక్కదాంట్లో ఏడవలా. ఫోన్లోనూ ఏడవలా. సెలవుకొచ్చి పోతన్నా ఏడవలా. ఈ పిల్లకి నేను ఉన్నా లేకపోయినా ఒకటేలే అనుకున్నా. నూరా పిలిచింది, సరే అన్నా."

అప్పుడు చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో తెలియదు. సినిమా నుంచి వచ్చి నేను ఇల్లంతా తిరిగింది, అమ్మ ఎక్కడైనా దాక్కుందేమోనని, బియ్యం డ్రమ్ము వెనక కూడా చూశానని చెప్పాను. ఏడిస్తే అమ్మకు అక్కడ మనసు బాగుండదు, పని పోతుందని అమ్మమ్మ చెప్పిందని చెప్పాను. ఫోన్ వచ్చే రోజు పొద్దుటి నుంచే తల దువ్వించుకుని కూర్చునేదాన్నని, ఫోన్లో కనపడదని తెలిసి కూడా రిబ్బను పెట్టించుకునేదాన్నని చెప్పాను. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఆంటీ అన్నానే, అది మర్చిపోయి కాదు, కోపంతో అన్నానని చెప్పాను. పెద్దమనిషినైనప్పుడు అమ్మమ్మ నీకు ఫోన్ చేస్తానంటే వద్దన్నాను, ఆ రోజు నాకు నువ్వు కావాలి, నీ ఫోన్ కాదు, అన్నాను. ఆటో మా వీధిలోకి వచ్చినా చెబుతూనే ఉన్నాను. దిగి గేటు దగ్గర నిలబడి కూడా చెప్పాను.

ఆఖరికి, నువ్వు పోవద్దమ్మా అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ దాన్ని, ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, వీధిలో నిలబడి ముక్కు చీదుకుంటూ అన్నాను. సిగ్గనిపించలేదు.

అమ్మ శాలువా తీసి నా మొహం తుడిచింది. కొత్త బట్ట, గరుగ్గా ఉంది.

ఆగస్టు 30, శనివారం

ఇవాళ నా జడ అమ్మే వేసింది.

ఆగస్టు 31, ఆదివారం

మధ్యాహ్నం నూరాకు వీడియో కాల్ చేసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను పొమ్మనలేదు. అరబ్బీలో అమ్మ గొంతు వేరేగా ఉంటుంది, పెద్దగా, ధాటిగా, చెయ్యి తిప్పుతూ. ఈ మనిషిని నేను చూడలేదే అనుకున్నాను. కవితలో పట్టే మనిషి కాదు. ఆమె గురించి తెలుసుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

ఫోన్ పెట్టేశాక ఏం చెప్పావని అడిగాను. ఈసారి తెలుసుకోవాలని అడిగాను, కుతూహలమని సర్దిచెప్పుకోలేదు.

"పెళ్ళికి వస్తా, మెహందీ నేనే పెడతా, ఆ నెలాఖరుకి తిరిగొస్తా అన్నా. ఉండిపోనని చెప్పా. నా బిడ్డ వద్దంటంది అని చెప్పా."

"ఆ అమ్మాయి ఏమంది?"

"ఏమంటది. ఏడ్చింది" అంది అమ్మ. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చుంది.

నాకు మొదట సంతోషం వేసింది. ఇక్కడ అబద్ధం రాసి ఎవరికి చూపించాలి. గెలిచాననిపించింది. ఆ తర్వాత ఇంక అక్కడ నిలబడలేకపోయాను. వెళ్ళి అమ్మ ఒళ్ళోంచి ఫోన్ తీసుకుని ఆ ఫోటో మళ్ళీ చూశాను, రెండు జడల పిల్ల. అమ్మ ఊరు వెళ్ళిపోతే ఇల్లంతా తిరిగి ఈ పిల్ల కూడా ఎక్కడెక్కడ వెతికి ఉంటుందో. అక్కడివాళ్ళు కూడా గట్టిపిల్లవని మెచ్చుకున్నారో లేదో.

మళ్ళీ కాల్ చెయ్యమని అమ్మకు ఫోన్ ఇచ్చాను. నేను మాట్లాడతానన్నాను.